కూసి వెంట

మొంబాసా
1974 జనవరి

మ్వానాతే అక్కకు,

నువ్వు ముందుగా అడిగేది నా తిండి సంగతే కాబట్టి అది మొదట రాసేస్తున్నాను. వేళకు తింటున్నాను, చిక్కలేదు. నువ్వు పంపిన ఎండు సొరచేప అయిపోయింది. ఇక అసలు విషయం.

దేశం మన చేతికొచ్చాక బడిపిల్లల కోసం కొత్త చరిత్ర పుస్తకం రాయిస్తున్నారు కదా. చిత్తుప్రతి చదివి అభిప్రాయం చెప్పమని తీరప్రాంతపు పంతుళ్లను కొందరిని పిలిచారు. నన్నూ పిలిచారు. పెళ్లినాటి కోటు వేసుకుని మరీ వెళ్లాను. అంత లావు పుస్తకంలో మన సముద్రం గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం. మాట మార్చకుండా రాస్తున్నాను: "తూర్పు తీరవాసులు ఒడ్డున ఉండి, సముద్రం దాటి వచ్చే విదేశీ ఓడల కోసం ఎదురుచూసేవారు."

ఎదురుచూసేవారట! చదివేసరికి నా ఒళ్లు మండిపోయింది. పిల్లలు దీన్ని బట్టీపట్టి పరీక్షల్లో రాస్తారు. వాళ్ల పిల్లలకూ చెబుతారు. అక్కడే లేచి నిలబడ్డాను. మన వాళ్లు తాడుతో కుట్టిన పడవల మీద నడిసముద్రంలోకి వెళ్లేవారని చెప్పాను. రుజువేమిటని అడిగారు. మన ఫాజా సరంగుల పాట పాడి వినిపించాను: "కూసి వెంట పోతాం, ఓలమ్మా, కూసి వెంట పోతాం."

ఆ పుస్తకం రాసిన పెద్దమనిషి పెద్ద చదువే చదివాడు, మన భాషా బాగానే వచ్చు. ఆయన నవ్వి, "కూసి అంటే దక్షిణమే కదండీ మాస్టారూ? అంటే మీవాళ్లు తీరం పట్టుకుని దక్షిణానికి పోయి మడ అడవుల్లో కర్రలు తెచ్చుకునేవారని మీ పాటే చెబుతోంది. నేను రాసిందీ దాదాపు అదేగా?" అన్నాడు. "కూసి అంటే దక్షిణపు గాలి కూడానండీ! ఆ గాలి వెంట పోతే చేరేది ఉత్తరాన అరబ్బు రేవులూ, హిందూ దేశమూ" అన్నాను. "గాలో దిక్కో పాటలో ఎక్కడుంది?" అన్నాడు.

నా పక్కన మలింది నుంచి వచ్చిన పంతులు నాకు సాయం చేద్దామని లేచి ఇంకా చెడగొట్టాడు. "మా ఊరి జిరాఫీ చైనా రాజుగారి కొలువుకు వెళ్లిందండీ!" అన్నాడు. "వెళ్లింది, చైనావాళ్ల ఓడలో" అన్నాడాయన. అంతా గొల్లుమన్నారు. ఆఖరికి సభాధ్యక్షుడు నామీద జాలిపడి, పుస్తకం ఈ ఏడాది చివర్లో గాని అచ్చుకు వెళ్లదనీ, ఈలోగా గట్టి ఆధారం ఏదైనా చూపిస్తే వాక్యం మారుస్తామనీ చెప్పాడు. మేకు లేకుండా కుట్టిన పడవ పగడపు గట్టు దాటితే విచ్చిపోతుందని అందరికీ గట్టి నమ్మకం.

కాబట్టి కుట్టు పడవ ఒకటి కట్టించి వాళ్లకు చూపించదలచుకున్నాను. లాము దీవిలో పడవలు కట్టే మాటొండోనిలో ఒడ్డున నిలబెడితే వచ్చి చూస్తారు. మీ మామగారు ఫమావు పెద్దాయనకు కుట్టడం వచ్చు. చిన్నప్పుడు ఆఖరి కుట్టు పడవ మీద పనిచేశాడు. ఆయనకూ రాశాను. పీచు తాడు మాత్రం నువ్వే పేనించి పంపాలి. నైలాను వచ్చాక ఆ తాడు పేనేవాళ్లు ఫాజాలో తప్ప ఎక్కడున్నారు?

ఇంకో మాట. అమ్మ ఆ పాట పాడేది కదా? ఆమె నోట ఇంకేమైనా చరణాలు విన్నావా? గుర్తు చేసుకుని రాయి.

నీ తమ్ముడు
త్వాలిబు


ఫాజా
ఫిబ్రవరి

త్వాలిబూ,

నువ్వు కోటు వేసుకుని సభలో నోరు జారితే, నేను ఇక్కడ చేతులు అరగదీసుకోవాలన్న మాట. బాగుందిరా. చిన్నప్పుడు కూడా మామిడికాయ దొంగతనం నీది, చింతబరికె దెబ్బలు నావి.

సరే, పేనిస్తాను. నీ అదృష్టం బాగుండి సమయానికే రాశావు. కూసి రోజుల్లో బురదలో పూడ్చిన కొబ్బరి డొక్కలు ఇప్పుడే పైకి తీస్తున్నాం. ఉత్తరం నుంచి వీచే ఈ కస్కాజి గాలికి ఎండ కూడా బాగా కాస్తోంది. పక్కింటి సౌముకు చెప్పాను. "కుట్టు పడవా? దాంట్లో ఎవరెక్కుతారు, దెయ్యాలా?" అంది. "ఎవరూ ఎక్కరే తల్లీ, పెద్దవాళ్లకు చూపించడానికి ఒడ్డునే పెడతారట" అన్నాను. "అయితే సరే, ఒడ్డున ఉన్న పడవ మునగదులే" అని రోకలి పట్టుకుని వచ్చేసింది. ఆమెను చూసి మిగతావాళ్లూ వచ్చారు. ఇప్పుడు నీటివార అంతా డొక్కలు దంచే చప్పుడే.

అరచేతులు మంటలెత్తుతున్నాయి. సన్న తాడు పేనడం నైలాను ముడులు వేసినంత తేలిక కాదు. ఒక్క పోగు జారినా మీ ఫమావు పెద్దాయన మొత్తం వెనక్కి పంపేస్తాడు. ఆయన పద్ధతి నాకు తెలుసు, కోడలిగా ఆయనకు వండిపెట్టినదాన్ని. ఉప్పు కాస్త ఎక్కువైనా గిన్నె పక్కకు జరిపేవాడు.

నువ్వు అడిగిన పాట గురించి. అమ్మ ఆ రెండు ముక్కలే పాడేది. వేరే చరణాలు నాకు గుర్తులేవు. దానికోసం బుర్ర పాడుచేసుకోకు.

తాడు మొదటి చుట్టలు వచ్చే వారం లాము వెళ్లే పడవలో పంపుతాను. ఒడ్డున నిలబెట్టే పడవే కాబట్టి మనసుపెట్టి చేస్తున్నాను. నీళ్లమీదికి వెళ్లే పడవలతో నాకు పనిలేదని నీకు తెలుసు. మీ బావ కొంబో ఎక్కి గట్టు దాటిన పడవ మేకులు కొట్టిందే, కొత్తదే. అతణ్ని అదీ వెనక్కి తీసుకురాలేదు.

అక్క


మాటొండోని
ఏప్రిల్

అక్కా,

సెలవులకు ఇక్కడికి వచ్చేశాను. నువ్వు పంపిన తాడు చూసి ఫమావు పెద్దాయన ఏం చేశాడో తెలుసా? ఒక కొస పళ్లతో పట్టుకుని, రెండో కొస నాచేత లాగించాడు. పన్ను ఊడింది గాని తాడు తెగలేదు. "పోతేపోయింది, కదిలే పన్నేలే. మా కోడలు పేనిన తాడురా ఇది, చూసి నేర్చుకోండి!" అని అందరికీ చూపించుకుంటూ తిరిగాడు. నీ ముందు ఎప్పుడైనా ఒక్క మంచిమాట అన్నాడా? ఇక్కడ మాత్రం నీ గొప్ప చెప్పని పూట లేదు.

అడుగు దూలం పడింది. పలకల అంచుల వెంట బెజ్జాలు వేసి, పలకకూ పలకకూ మధ్య పీచు పరిచి కుట్టుకుంటూ వస్తున్నారు. లోపల ఒకడు, బయట ఒకడు కూర్చుని తాడు అటూ ఇటూ అందుకుంటారు. కాలితో తన్నిపట్టి బిగిస్తారు. నేనూ ప్రయత్నించాను. "పంతులూ, నువ్వు సుద్దముక్క పట్టుకో, తాడు పట్టుకోకు" అని తరిమేశారు. అయినా పోలేదు. వేళ్లు పుళ్లయ్యాయి, ఇప్పుడు కొంచెం వచ్చింది. ఎడమవైపు నాలుగో వరుస నాదే.

ఊళ్లో కుర్రాళ్లు వచ్చి నవ్వుతున్నారు. ఒకడు, "తాతా, ఇది పడవా, బుట్టా?" అన్నాడు. పెద్దాయన పని ఆపకుండానే, "బుట్టేరా. నీలాంటి పీతల్ని వేసుకుపోదామని" అన్నాడు.

కొంచెం పని చెప్పాలి. తెరచాప తాటాకు చాపతోనే ఉండాలంటున్నాడు పెద్దాయన, పాత పద్ధతిలో. మీ ఆడవాళ్లు అల్లగలరా? పెద్దది కావాలి, రెండు. ఒకటి చిరిగితే ఇంకొకటి ఉండాలి కదా. ఎండు సొర కూడా ఈసారి ఎక్కువ పంపు, ఎనిమిది మందికి వచ్చేలా. వేయించిన జొన్నలు కూడా. మంచినీళ్ల పీపాలు ఇక్కడే దొరికాయి.

త్వాలిబు


ఫాజా
మే

త్వాలిబూ,

నువ్వు పంతులువి. నేను చదివింది మసీదు వెనక బడిలో నాలుగు అక్షరాలే. అయినా ఇంత మాత్రం తెలియదనుకున్నావా? ఒడ్డున నిలబెట్టే పడవకు రెండో తెరచాప ఎందుకురా? ఎనిమిది మందికి సొర ఎందుకు? మంచినీళ్ల పీపాలు ఎందుకు? చూడవచ్చే పెద్దలు అందులోనే కాపురం పెడతారా?

సౌముకు నీ ఉత్తరం చదివి వినిపించాను. రోకలి కింద పెట్టేసి, "మీ తమ్ముడు వెళ్తున్నాడే" అంది. అంతే. సౌము నోరు మూతపడిందంటే సంగతి ఎంత చెడ్డదో నువ్వే అర్థం చేసుకో.

ఎక్కడికిరా? ఎంత దూరం? ఈత కొట్టమంటే నడుంలోతు నీళ్లలో కేకలు పెట్టినవాడివి. మామగారికి కూడా బుద్ధి లేదా? ఒక్కగానొక్క కొడుకును ఆ గట్టు అవతల పోగొట్టుకుని, ఇప్పుడు నిన్ను తీసుకుపోతాడా?

కొంబో వెళ్లినప్పుడు నేను ఒడ్డు వదల్లేదు. పొద్దున వచ్చి కూర్చునేదాన్ని. చీకటి పడేదాకా కూర్చునేదాన్ని. ఆ కస్కాజి అంతా అలాగే గడిచింది. వచ్చే ప్రతి తెరచాపా అతనిదే అనిపించేది. మళ్లీ అలా కూర్చోవడానికి నాలో బలం లేదు. ఉన్నా నీకోసం కూర్చోను. ఉన్న ఒక్క తోడబుట్టినవాడివి నువ్వు.

తాడు ఆపేశాను. పేనినది ఇంట్లో పెట్టి తాళం వేశాను. ముక్కు భాగానికి కావలసిన తాడంతా అందులోనే ఉంది. ముక్కు లేని పడవ ఎలా పోతుందో పోనీ, చూస్తాను.

అక్క


మొంబాసా
జూన్ మొదటివారం

అక్కా,

నీకు అబద్ధం చెప్పాను. అవును, వెళ్తున్నాను. ఉత్తరానికి, సొమాలీ తీరానికి దూరంగా జరిగి, నేల కనబడనంత లోపలికి పోయి, అరబ్బు రేవు అందుకోవాలని. ముకల్లా దాకా. కూసి గాలి వెంట.

నిజం ముందే చెబితే నువ్వు ఒక్క పోగు కూడా పేనవని తెలుసు. అందుకే చెప్పలేదు. అధ్యక్షుడికి మళ్లీ రాశాను. ఒడ్డున పడవ కట్టి చూపిస్తే, "బొమ్మ కట్టారు" అంటారట. నీళ్లమీద పోయి రావాల్సిందే.

పెద్దాయనను తప్పుపట్టకు. ఆయన వద్దన్నాడు. "ఈ పంతుల్ని ఎక్కించుకోను, మ్వానాతే నన్ను బతకనివ్వదు" అన్నాడు. నేనే పట్టుబట్టాను. ఎందుకో చెబుతాను విను. ఇది నా పంతం, నేను సభలో తెచ్చిపెట్టుకున్న గొడవ. దానికోసం వేరేవాళ్ల కొడుకులను నీళ్లమీదికి పంపి, నేను గొడుగు వేసుకుని ఒడ్డున నిలబడి ఎదురుచూశాననుకో. అప్పుడు ఆ వాక్యం నా గురించే రాసినట్టవుతుంది. నిజంగా ఒడ్డున ఎదురుచూసినవాణ్ని నేనే అవుతాను.

మన పెద్దలు ప్రపంచమంతా చుట్టేశారని రాయమని నేను అడగడం లేదు. అలాంటివి చెప్పేవాళ్లూ ఉన్నారు. చైనాను, అవతలి సముద్రాలను మనమే కనిపెట్టామంటారు. రుజువు లేనిది నాకొద్దు. కూర్చున్నారని మాత్రం రాయొద్దంటున్నాను. అంతే.

తాడు పంపకపోతే నైలానుతో కుడతాను. పెద్దాయన నాతో మాట్లాడడం మానేస్తాడు, అయినా కుడతాను.

త్వాలిబు


ఫాజా
జూన్ చివర

త్వాలిబూ,

నైలాను వద్దు. చెక్కను కోసేస్తుంది. ఉప్పునీటిలో పీచు ఉబ్బి బెజ్జాన్ని నింపుతుంది, నైలాను ఉబ్బదు. పట్టుమని పదిరోజులు కూడా నిలవదు నీ పడవ.

నీ ఉత్తరం వచ్చాక రెండు మూడు రోజులు నీమీద కోపంతోనే ఉన్నాను. తరువాత ఆ వాక్యం మళ్లీ చదివాను. ఎదురుచూసేవారు. అది రాసినవాడు ఎప్పుడైనా ఎవరికోసమైనా ఎదురుచూశాడో లేదో నాకు తెలియదు. నేను చూశాను. అమ్మ చూసింది, అమ్మమ్మ చూసింది. ఈ ఒడ్డున ఎదురుచూసినవాళ్లు ఉన్నారు, అది నిజమే. కానీ మేము చూసింది పరాయి ఓడల కోసం కాదురా. మా మగవాళ్ల కోసం.

నాకు పాట గుర్తులేదని రాశాను కదూ. గుర్తుంది. నువ్వు అడిగిన రోజున కూడా పాడుతూనే ఉన్నాను, డొక్కలు దంచుతూ. చెబితే నువ్వు ఆగవని చెప్పలేదు. మీ సరంగులకు తెలిసింది సగం పాటే. మిగతా సగం ఆడవాళ్లది. మగవాళ్ల ముందు పాడం, అందుకే మీ చెవిన పడలేదు.

కూసి లేచాక డొక్కలను బురదలో పూడ్చేటప్పుడు పాడేది ఇది:

కూసీ కూసీ, తీసుకుపో మావాణ్ణి
డొక్క బురదలో, నా దిగులు నీళ్లలో

అవి నానినానీ, కస్కాజి వచ్చాక పైకి తీసి దంచేటప్పుడు పాడేది ఇది:

కస్కాజీ కస్కాజీ, తెచ్చిపెట్టు మావాణ్ణి
డొక్క ఒడ్డెక్కింది, వాడెప్పుడెక్కుతాడు?

ఇప్పుడు నువ్వే చూడు, చరిత్ర పంతులూ. దిక్కును పట్టుకుని మావాణ్ణి తీసుకుపో అని ఎవరైనా అడుగుతారా? అడిగేది గాలిని. పైగా దక్షిణానికి మడకర్రల కోసం పోయేవాళ్లయితే ఎప్పుడు పోతారు? కస్కాజి తోసుకుపోతే పోతారు, కూసి తోసుకొస్తే వస్తారు. మా పాట దానికి తిరగేసి ఉంది. కూసి తీసుకుపోతోంది, కస్కాజి తిరిగి తెస్తోంది. అంటే వాళ్లు పోయింది ఉత్తరానికే. ఒక గాలంతా పోయి, ఇంకో గాలికి తిరిగి వచ్చేంత దూరానికి.

ఇది ఆ పెద్దలకు రాసి పంపు. ఆడవాళ్ల పాట బయటపెట్టానని సౌము నన్ను తిడుతోంది. "చరణాలు పంపావు సరే, మీ తమ్ముడి గొంతుతో పాడించకు, పాట చచ్చిపోతుంది" అంది.

ముక్కుకు తాడు పంపుతున్నాను. రెండో తెరచాప కూడా అల్లడం మొదలుపెట్టాం. ఒక్కటే షరతు. ఇప్పుడున్న ఈ పోటు సముద్రంలోకి దిగొద్దు. కూసి కాస్త ముసలిదవ్వాలి, జోరు తగ్గాలి. మామగారు తొందరపడితే నా పేరు చెప్పు.

నా చేత్తో పేనిన తాడు మీద నిన్ను పంపుతున్నాను. మనసారా పంపుతున్నానని మాత్రం అనుకోకు. భయంతోనే పంపుతున్నాను.

అక్క


బరావా, సొమాలీ తీరం
అక్టోబరు

అక్కా,

ముందు ఇది చదువు: అందరం బతికే ఉన్నాం. ఎనిమిది మందిమీ. ఇప్పుడు కూర్చుని మిగతాది చదువు.

ముకల్లా చేరలేదు. పడవ పోయింది.

ఫాజా దగ్గర బడిపిల్లలు ఒడ్డున కేకలేసి సాగనంపాక, మొదట్లో ఎంత బాగా పోయామో! గట్టు దాటుతుంటే పడవ అటూ ఇటూ మెలికలు తిరిగింది. విచ్చిపోతోందనుకుని నేను కళ్లు మూసుకున్నాను. పెద్దాయన నా డొక్కలో పొడిచి, "కళ్లు తెరువు పంతులూ. మేకుల పడవైతే ఈ దెబ్బకి విరిగేది. ఇది వంగింది, చూడు" అన్నాడు. కెరటం వస్తే దానితోపాటు వంగుతుంది, పోయాక సర్దుకుంటుంది. తూర్పుకు జరిగాం. నేల మునిగిపోయింది. ఎటు చూసినా నీళ్లే. వెనక కూసి. నేను ఏడ్చాను అక్కా, చెప్పుకోవడానికి సిగ్గు లేదు. మన పెద్దలు కూడా ఈ నీళ్లనే చూశారనిపించింది.

నీళ్లు ఊరడం మామూలే, వంతులవారీగా తోడుతూనే ఉన్నాం. నా చేతులు ఇప్పుడు నీ చేతుల్లా ఉన్నాయి. అసలు చిక్కు ముక్కు దగ్గర వచ్చింది. నీళ్లకు పైనున్న కుట్లు ఎండకు ఎండిపోయి వదులయ్యాయి. మళ్లీ బిగించాలంటే కొత్త తాడు, అప్పటికప్పుడు తడిపి పేనినది కావాలి. నువ్వు పంపిన చుట్టలు అయిపోయాయి. పీచు మూట ఉంది, పేనే చెయ్యి లేదు. పెద్దాయనకు కుట్టడం వచ్చు, పేనడం రాదు. మాలో ఎవరికీ రాదు. పేనడం ఆడవాళ్ల పని అని నేర్చుకోని మగవాళ్లం ఎనిమిది మందిమి, మూట చుట్టూ కూర్చుని బిక్కమొహాలు వేశాం. నేను పేనిన తాడు పెద్దాయన రెండు వేళ్లతో తెంపేశాడు.

నేలవైపు తిప్పక తప్పలేదు. బరావా కనబడింది. గట్టు సందులోకి వచ్చేసరికి ముక్కు విడిపోయింది. మిగతా పడవ ఎక్కడా విచ్చుకోలేదు, అది గుర్తుంచుకో. ఒడ్డున ఉన్నవాళ్లు దిగి మమ్మల్ని లాగారు. వాళ్లు మాట్లాడేది మన భాషకు అక్కచెల్లెలిలా ఉంది. ఒక ముసలమ్మ చేపల పులుసు పోసి, "తాళ్ల పడవలో వచ్చారా? మా తాతల కాలంలో వచ్చేవాళ్లు. మళ్లీ ఇన్నాళ్లకా?" అని అడిగింది.

లారీల మీద తిరిగి వస్తాం.

త్వాలిబు


మొంబాసా
డిసెంబరు

అక్కా,

జవాబు వచ్చింది. దంపుడు పాట ఆధారం కాదన్నారు. బరావా దాకా వెళ్లడం తీరం పట్టుకుని పోవడమేనన్నారు. పడవ పగిలింది కాబట్టి వాళ్ల మాటే నిలిచిందన్నారు. పుస్తకం అచ్చుకు వెళ్లిపోయింది, ఆ వాక్యంతోనే.

నా చేతనైనంత చేశాను. ఇక నావల్ల కాదు. పెద్దాయన మళ్లీ దూలం వెతుకుతున్నాడట, వద్దని చెప్పు. జనవరి నుంచి నేను ఆ పుస్తకమే చెప్పాలి. ఆ పేజీ వచ్చినప్పుడు ఏం చేస్తానో తెలియదు. గబగబా చదివేసి తిప్పేస్తానేమో.

త్వాలిబు


ఫాజా
1975 ఫిబ్రవరి

త్వాలిబూ,

గబగబా చదివి తిప్పేస్తావా? నీ చెవి మెలేసేదాన్ని, ఎదురుగా ఉంటే.

ఆ పుస్తకం మా బడికీ వచ్చింది. పంతులమ్మ దగ్గరికి వెళ్లి ఆ పేజీ చదివించుకున్నాను. నాతో సౌము కూడా వచ్చింది. పంతులమ్మ చదివాక పిల్లలు మా ఇద్దరి వైపు చూశారు. సౌము లేచి, "ఏమర్రా పిల్లలూ, పోయిన కూసిలో ఎనిమిది మంది వెళ్తే మీరంతా ఒడ్డున కేకలేశారా లేదా?" అంది. "వేశాం!" అన్నారు. "నేల కనబడనంత దూరం పోయారా లేదా?" "పోయారు!" "మరి ఈ పేజీలో ఎందుకు లేదు?" పంతులమ్మకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. ఆఖరికి ఆమే పిల్లలతో ఆ వాక్యం పక్కన పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం పెట్టించింది. ఫాజా బడిలో ఉన్న పుస్తకాలన్నిటిలో ఇప్పుడది ఉంది. నీ బడిలో నువ్వు కూడా పెట్టించు. అంతకుమించి ఏమీ చేయలేకపోతే అదైనా చెయ్యి.

నువ్వు ఓడిపోయినట్టు రాశావు. నేను లెక్క వేరేగా వేసుకున్నాను. వాళ్లు తాడు పడవ గట్టు దాటదన్నారు. దాటింది. లోతులో విచ్చిపోతుందన్నారు. నువ్వే రాశావు, ముక్కు తప్ప ఎక్కడా విడలేదని. ఆ ముక్కు కూడా ఎందుకు విడింది? నా తాడు చెడ్డదై కాదు. పడవలో పేనేవాళ్లు లేక. పాతకాలం సరంగులు దీనికి ఏం చేసేవారో నాకు తెలియదు. బహుశా మగవాళ్లకూ పేనడం వచ్చేదేమో, మధ్యలో ఎప్పుడో మరిచిపోయి మామీదికి నెట్టేశారేమో. ఒకవేళ ఆడవాళ్లే ఎక్కేవారేమో. ఎవరికి తెలుసు? నువ్వన్నట్టు రుజువు లేనిది నాకూ వద్దు. ఇప్పుడు మనం ఏం చేయాలన్నది మాత్రం నాకు తెలుసు.

మామగారు దూలం వెతకడం ఆపలేదు, నేను ఆపమననూ లేదు. నిన్న దొరికింది. ఆయన పక్కన కూర్చుని చెప్పాను: "మామా, ఈసారి ముక్కు దగ్గర నేను కూర్చుంటాను." కొంబో పోయాక ఆయనా నేనూ ఆ సంగతి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మొదటిసారి నిన్న ఆయన కొడుకు పేరు ఎత్తాడు. "కొంబో ఉంటే ఒప్పుకునేవాడా?" అన్నాడు. "ఒప్పుకోడు. నేను వినను" అన్నాను. అప్పుడు నవ్వాడు. కళ్లు తుడుచుకుని, "నీళ్లమీద నీ వంట తినాలా నేను? ఉప్పు సరిగ్గా వెయ్యి మరి" అన్నాడు.

ఊళ్లో ముక్కున వేలేసుకుంటున్నారు. మగవాళ్ల మధ్య ఆడదా అంటున్నారు. మామగారు ఒకవైపు, తోడబుట్టినవాడు ఒకవైపు ఉంటే ఎవరేమంటారు? నువ్వు రాకపోతే ఒకవైపే ఉంటుంది. అయినా వెళ్తాను.

గట్టు అవతల నీళ్లంటే నాకు భయం లేదనుకోకు. కానీ ఒడ్డున కూర్చోవడం కన్నా ఆ నీళ్లే నయం. ఈ ఒడ్డున నేను ఎదురుచూసినంత ఎవరూ చూసి ఉండరు. ఇక చూడను. వాళ్ల వాక్యంలో నా పేరు లేకుండా చేసుకుంటాను.

కూసి ముసలిదయ్యే సమయానికి సెలవు పెట్టు. ముక్కు దగ్గర చోటు నాది, దానికోసం పోటీపడకు. నువ్వు వెనక కూర్చుని నీళ్లు తోడు.

అక్క